గీత మీద బంతి

మా ఇంట్లో రెఫరీని తిట్టని ఆదివారం ఉండేది కాదు.

పాల్వంచ థర్మల్ కాలనీలో మా క్వార్టరు ముందు గది చిన్నదే. అయినా టీవీలో ఇంగ్లండు లీగ్ మ్యాచ్ ఉందంటే మా ఆయన తిరుపతి, అతని షిఫ్టు దోస్తులంతా అందులోనే సర్దుకునేవారు. మంచి కుర్చీ మాత్రం జయప్రకాశ్ అన్నది. వాళ్ళది వైరా దగ్గర పొలాలున్న కుటుంబం. ప్లాంటు కంట్రోల్ రూములో మా ఆయనా అతనూ ఒకే షిఫ్టు. టీవీలో రెఫరీ ఆట ఆపి, చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడంటే చాలు, గదిలో కేకలు మొదలయ్యేవి.

"గన్ని కెమెరాలు పెట్టుకొని గూడ ఇంతసేపేందిరా? నాకు ఈడ కూసుంటె కనబడ్తలేదా?" అని తిరుపతి మంచం మీద నుంచి లేచేవాడు. ఆ తర్వాత మాటలు రెఫరీ తల్లి దాకా పోయేవి.

"అమ్ముడుపోయారు అందరూ," అనేవాడు జయప్రకాశ్ అన్న.

నేను వంటింట్లో టీ వడగడుతూ వినేదాన్ని. నేనూ రెఫరీనే. దుమ్ముగూడెం మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ టీచరుగా పని చేస్తున్నాను. వారమంతా అక్కడే ఉండి శనివారం ఇంటికి వస్తాను. పెళ్ళికి ముందు ఆడాను. పెళ్ళయ్యాక పరీక్ష రాసి విజిల్ పట్టుకున్నాను. తిరుపతి అడ్డు చెప్పలేదు గానీ, నా మ్యాచ్‌కి ఎప్పుడూ రాలేదు. మా అత్త, తిరుపతి తల్లి, పేరు గోరి, ఒక్కసారి భద్రాచలం వచ్చింది. జనం నన్ను అంటున్న మాటలు విని సగంలోనే లేచి, ఒక్కతే బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ ఏ మ్యాచ్‌కీ రాలేదు.

ఆ ఎండాకాలం మా కాలనీ వాళ్ళు చాలా ఏళ్ళుగా ఆగిపోయిన ఫుట్‌బాల్ కప్పును మళ్ళీ మొదలుపెట్టారు. ఖర్చంతా కేబుల్ టీవీ వెంకటకృష్ణ భరించాడు. కాలనీ క్లబ్బులో మీటింగ్ పెట్టి, కొత్త వాకీటాకీలు బల్ల మీద పేర్చి చెప్పాడు.

"ఈసారి మన కప్పులో వీడియో ఉంటుంది. మూడు కెమెరాలు పెడుతున్నా, టెంట్‌లో పెద్ద టీవీ పెడుతున్నా. రెఫరీకి అనుమానం వస్తే టెంట్‌ని అడగాలి. ఇక రెఫరీల ఇష్టారాజ్యం ఉండదు."

అందరూ చప్పట్లు కొట్టారు. టెంట్‌లో ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది.

"ఇంకెవరు? మా తిరుపతే," అన్నాడు జయప్రకాశ్ అన్న. "రోజంతా కంట్రోల్ రూములో తెరలు చూసే కళ్ళు వాడివి. రెఫరీలను వాడు తిట్టినట్టు ఈ జిల్లాలో ఎవరూ తిట్టలేదు."

నేను లేచాను. "గ్రౌండ్ల నేనుండి టెంట్ల ఆయనుంటె మంచిగుండదన్నా. రేపు అందరు ఒక మాటంటరు."

"మొగుడూ పెళ్ళాలు ఒక మాట మీద ఉన్న ఇల్లు ఎక్కడైనా చూశావా అమ్మా? అంతకంటే న్యాయం ఏముంటుంది?" అన్నాడు ఆయన. క్లబ్బంతా నవ్వింది. తిరుపతి కూడా నవ్వాడు. అతనికి చాలా సంతోషంగా ఉందని ముఖంలోనే తెలిసింది.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగాడు. "నేను చెయ్యలేననా నీ భయం?"

"చేస్తవు. జల్దీ చేస్తవు. గదే నా భయం."

మొదటి వారాలు బాగానే నడిచాయి. ఎండ దిగాక మ్యాచులు. ఏటూరునాగారం నుంచి సత్తుపల్లి దాకా జట్లు వచ్చాయి. నేను వాకీటాకీలో అడగడం ఆలస్యం, తిరుపతి జవాబు వచ్చేసేది. "ఫౌలే." "చేతికి తగిలింది." "ఏం లేదు, నడిపియ్యి." జనానికి ఈ ఆట కూడా నచ్చింది. టెంట్ చుట్టూ గుమిగూడి, అతను చెప్పకముందే వాళ్ళు చెప్పేవారు. సాయంత్రం ఇంటికి వచ్చి గోరి పెట్టిన జొన్నరొట్టె తింటూ ఆ రోజు తీర్పులన్నీ మళ్ళీ చెప్పుకునేవాడు. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒకే విషయం గురించి అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

క్వార్టర్ ఫైనల్లో మా కాలనీకీ వైరాకూ పడింది. ఆట చివరికి వస్తుండగా వైరా కుర్రాడు గోల్ కొట్టాడు. లైన్ రెఫరీ హేమలత జెండా ఎత్తలేదు. నేను గోల్ ఇచ్చాను. కాలనీ వాళ్ళు ఆఫ్‌సైడ్ అని అరిచారు. బంతి అందించే సమయానికి ఆ కుర్రాడు మా డిఫెండర్లందరినీ దాటి ముందున్నాడని వాళ్ళ మాట. టెంట్‌ని అడిగాను.

"ఆఫ్‌సైడే. సాఫ్‌గ కనబడ్తుంది. క్యాన్సల్ చెయ్యి."

"మల్లొక్కసారి జూడు."

"జూసిన. నా మాట నమ్ము."

నమ్మాను. గోల్ రద్దు చేశాను. తర్వాత కాసేపటికే కాలనీ గోల్ కొట్టి గెలిచింది. జనం మొదటిసారి నాకు చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రమే వైరా కోచ్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి ఫోన్ చూపించాడు. గోల్ వెనక నుంచి వాళ్ళ పిల్లవాడెవరో తీసిన వీడియో అది. అవతలి గోల్ కర్ర దగ్గర మా కాలనీ డిఫెండర్ ఒకడు నిలబడి ఉన్నాడు. వైరా కుర్రాడి కంటే గోల్‌కి ఒక అడుగు దగ్గరగానే ఉన్నాడు. అంటే ఆఫ్‌సైడ్ లేదు. మా కెమెరాలో ఆ మూల అసలు పడనే లేదు.

"మా పిల్లలు బస్సెక్కి పోయిండ్రు సార్. ఇగ మారేదేం లేదు. మీరు ఒకసారి జూస్తరని వచ్చిన," అన్నాడు. అంతే. నమస్తే పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

తిరుపతి గడప దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. తెల్లారేసరికి ఆ వీడియో అన్ని గ్రూపుల్లోకీ పాకింది. దాని కింద జనం రాసిన మాటలు చదువుతూ అతను బయట అరుగు మీద కూర్చున్నాడు. గోరి పక్కన కూర్చుని ఏం రాశారో చదవమంది. అతను చదవనన్నాడు. పక్కింటి పిల్లతో చదివించుకుంది. చదువుతూ ఆ పిల్లే మధ్యలో ఆగిపోయింది.

"తిరుపతీ, గిదంత నన్నేనారా?" అని అడిగింది గోరి.

అతను ఫోన్ అరుగు మీద బోర్లా పెట్టాడు.

మా లంబాడీ భాషలో అమ్మను యాడి అంటాం. గోరి కోపంగా కూడా అనలేదు, ఏదో లెక్క తేలినట్టు అంది. "నువ్వు టీవీల తిట్టేటోల్లకు గూడ యాడి ఉంటది గద. నాకెన్నడు తట్టలే."

అతను ఇక టెంట్‌లో కూర్చోనన్నాడు. మూడు కెమెరాలు పెట్టినా మూల మిగిలిపోతే తన తప్పేంటి అన్నాడు. తర్వాత, తప్పు కెమెరాది కాదు, మళ్ళీ చూడమంటే చూడకపోవడం తనది అన్నాడు. నేను ఓదార్చలేదు. నాకూ కోపంగానే ఉంది. అతని మాట మీద విజిల్ ఊదింది నేనే కదా.

"ఇప్పుడు మానేస్తె తప్పించుకున్నట్టు ఉంటది," అన్నాను. "పో. కాని తెల్వనప్పుడు తెల్వదని చెప్పు. వీడియోల సాఫ్‌గ తేలకపోతె గ్రౌండ్ల రెఫరీ ఇచ్చిందే నిలబడ్తది. గది రూలే."

"తెల్వదంటె నవ్వరా?"

"నవ్వుతరు."

ఫైనల్ మా కాలనీకీ దుమ్ముగూడెం జట్టుకీ పడింది. ఆ జట్టులో సగం మంది గోదావరి ఒడ్డు ఊళ్ళ కోయ కుర్రాళ్ళు. గోల్‌కీపర్ జోగారావు మా బడిలో చదివినవాడు, నేను నేర్పిన పిల్లవాడే. ఆ మ్యాచ్ నాకు వద్దని ముందే చెప్పాను. కాలనీ వాళ్ళు ఒక వైపు, శిష్యులు ఒక వైపు ఉంటే ఎటు ఊదినా మాట పడుతుంది. కొత్తగూడెం నుంచి వేరే రెఫరీని పిలిచారు. ఆయన ముందు రోజే వడదెబ్బ తగిలి దవాఖానాలో పడ్డాడు. ఇక తప్పలేదు.

కాలనీ జట్టు ఫార్వర్డ్ జయప్రకాశ్ అన్న కొడుకు నాగచైతన్య. డిగ్రీ చదువుతున్నాడు. కప్పు గెలిచిన జట్టు హైదరాబాదులో రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. అక్కడ పెద్ద క్లబ్బుల వాళ్ళు వచ్చి కుర్రాళ్ళను చూసుకుంటారు. జయప్రకాశ్ అన్న నెల రోజులుగా ఆ మాటే చెబుతున్నాడు. ఫైనల్‌కి వైరా నుంచి చుట్టాలను కూడా పిలిపించాడు.

ఆ రోజు గోరి వచ్చింది. ఎందుకని అడిగితే, "ఇంట్ల కూసున్నా తిడ్తనే ఉన్నరు గద, ఎదురుగనే కూసోని ఇంట," అంది. గొడుగేసుకుని ఆడవాళ్ళ వైపు కూర్చుంది.

చెరో గోల్‌తో ఆట సమానంగా ఉంది. చివరి నిమిషాల్లో కాలనీకి కార్నర్ దొరికింది. బంతి ఎత్తుగా వచ్చింది. చైతన్య అందరికంటే పైకి ఎగిరి తలతో కొట్టాడు. బంతి పై కడ్డీకి తగిలి నిట్టనిలువుగా గోల్ గీత దగ్గర పడింది. జోగారావు దాని మీద పడి బయటికి లాగేశాడు. దుమ్ము లేచింది. చైతన్య చేతులు చాచి పరిగెత్తాడు. కాలనీ మొత్తం లేచి నిలబడింది.

బంతి మొత్తం గీత దాటితేనే గోల్. నేను నిలబడ్డ చోటి నుంచి చూస్తే కొంత గీత మీదే ఉంది. హేమలత వైపు చూశాను. మధ్యలో ఆటగాళ్ళు అడ్డమొచ్చి కనబడలేదని తల ఊపింది. గోల్ కాదని చేతితో చూపించాను.

అరుపులు ఎలా లేచాయో చెప్పలేను. సీసాలు పడ్డాయి. నేను వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాను.

"టెంట్, బంతి గీత దాటిందా?"

జవాబు రాలేదు. అతను బటన్ నొక్కి పట్టుకున్నట్టున్నాడు, టెంట్‌లో మాటలు నాకు వినబడుతున్నాయి.

"దాటిందిరా. చూడు, లోపలే ఉంది. చెప్పెయ్." జయప్రకాశ్ అన్న గొంతు.

"జనం తడికెలు పీకుతున్నారు తిరుపతీ. ఇంకెంతసేపు?" వెంకటకృష్ణ గొంతు.

"మల్ల వెనక్కి తిప్పు." తిరుపతి గొంతు. "రెండో కెమెరా పెట్టు. మల్ల తిప్పు."

చెమట కళ్ళలోకి దిగుతోంది. నేను తుడుచుకోలేదు. చుట్టూ రెండు జట్ల కుర్రాళ్ళు మూగి నా ముఖంలోకే చూస్తున్నారు.

"ఉషా," అన్నాడు. మ్యాచ్‌లో నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. "కీపర్ ఒళ్ళు అడ్డమున్నది. దుమ్మున్నది. నాకు తెలుస్తలేదు."

"గోలా, కాదా?"

"తెల్వదు. నువ్వు జూసిందే."

నేను ఆట నడిపించాను. పెనాల్టీల్లో దుమ్ముగూడెం గెలిచింది.

మమ్మల్ని పోలీసులు వెంట ఉండి ఇంటి దాకా తీసుకొచ్చారు. దారి పొడుగునా అన్న మాటలు గోరి అన్నీ విన్నది. గొడుగు మూసి కర్రలా పట్టుకుని మాకంటే ముందు నడిచింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, "అన్నం దినుండ్రి," అంది, అంతే.

తర్వాత రోజులు మామూలుగా ఉన్నట్టే ఉండేవి గానీ ఏదీ మామూలుగా లేదు. బంతి చుట్టూ ఎర్ర గీత గీసిన వీడియో ప్రతి ఫోన్‌లోనూ ఉంది. కొందరు నేను కోయ పిల్లలను గెలిపించానన్నారు. కొందరు తిరుపతి పెళ్ళాం కోసం కాలనీని ముంచాడన్నారు. ఆదివారం ముందు గదిలోకి ఎవరూ రాలేదు. జయప్రకాశ్ అన్న షిఫ్టు మార్పించుకున్నాడు. పదేళ్ళుగా ఇద్దరూ ఒకే బండి మీద డ్యూటీకి పోయేవారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు కంట్రోల్ రూములో తిరుపతిని చూసి, "సార్, ఈ మీటర్ ఎంతుందో తెల్వదా?" అని నవ్వేవారట. అతనే చెప్పాడు. చెప్పి తనూ కాస్త నవ్వాడు.

"దాటిందంటె అయిపోతుండె," అన్నాడు ఒక పొద్దున, చెప్పులేసుకుంటూ. "వాళ్ళకు తృప్తి, నాకు తృప్తి. ఒక్క మాట."

"మరెందుకు అనలే?"

"కనబడలే," అని బండి తీశాడు.

జయప్రకాశ్ అన్న అప్పీలు పెట్టాడు. ఫలితం రద్దు చేయాలనీ, నన్ను ఇక విజిల్ పట్టనివ్వకూడదనీ దాని సారాంశం. కప్పు అప్పీళ్ళ కమిటీకి పెద్ద చెంచురామయ్య గారు. రిటైరైన వ్యాయామ మాస్టారు, ఉండేది ఖమ్మంలో. జూన్ మొదట్లో అందరినీ అక్కడికే పిలిచారు. ఒక స్కూలు హాల్లో టీవీ పెట్టారు. బయట తొలకరి పడుతోంది.

జయప్రకాశ్ అన్న వీడియోను ఎక్కడో స్టూడియోలో పెద్దది చేయించి తెచ్చాడు. పెద్దది చేసిన కొద్దీ బంతి మసకబారి, కీపర్ చొక్కాతో కలిసిపోయింది. చెంచురామయ్య గారు కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. నన్ను అడిగారు, చూసింది చెప్పాను. తిరుపతిని అడిగారు.

"మీరు కాలనీ మనిషి. గోల్ కావాలని మీకూ ఉండి ఉంటుంది కదా?"

"అవ్ సార్, ఉండె. అందుకే ఇంకో రెండుసార్లు తిప్పి జూసిన."

చివరికి చైతన్యను లేపారు. వాళ్ళ నాన్న కూర్చున్న చోటి నుంచే, "చెప్పరా, చూసింది చెప్పు," అన్నాడు.

"నేను చూడలేదు సార్," అన్నాడు చైతన్య.



"కొట్టింది నువ్వే కదయ్యా?"

"కళ్ళు మూసుకున్నాను సార్. తలతో కొట్టేటప్పుడు ఎప్పుడూ మూసుకుంటాను. భయం. తెరిచేసరికి బంతి కీపర్ చేతుల్లో ఉంది."

"మరి గోల్ అని పరిగెత్తావు?"

"అందరూ అరిచారు సార్. నేనూ పరిగెత్తాను."

చెంచురామయ్య గారు పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, ఫలితం మారదనీ, రెఫరీ మీద చర్య ఏదీ లేదనీ చెప్పేశారు. జయప్రకాశ్ అన్న ఎవరి వైపూ చూడలేదు. గొడుగు కూడా తీసుకోకుండా వానలోనే కారెక్కి వెళ్ళిపోయాడు. కొడుకు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"రా," అన్నాడు తిరుపతి. "బస్సుకు పోదం."

బస్టాండులో ముగ్గురం మిర్చి బజ్జీలు తిన్నాం. చైతన్య తింటున్నాడు గానీ కళ్ళు తడిగానే ఉన్నాయి. కొత్తగూడెం బస్సులో వెనక సీటు దొరికింది.

"నిజంగనే కండ్లు మూసుకుంటవా?" అని అడిగాడు తిరుపతి.

"అవును బాబాయ్. చిన్నప్పటి నుంచీ. నాన్నకు చెప్తే తిడతాడని చెప్పలేదు."

"మూసుకొనే గంత ఎత్తు కొట్టినవా?"

చైతన్య నవ్వకుండా ఉండలేకపోయాడు. "అదృష్టం బాబాయ్."

"తెరిచి కొడ్తె ఇంకా కిందికి పడ్తుండె. గోల్ నట్టనడుమ," అన్నాడు తిరుపతి. "పొద్దుగాల గ్రౌండ్‌కి రా. నేను బంతి ఇసురుత."

నేను వాళ్ళిద్దరినీ మాట్లాడుకోనిచ్చి కళ్ళు మూసుకున్నాను. ఫైనల్ తర్వాత నిద్ర పట్టింది ఆ బస్సులోనే.

బడి తెరిచేదాకా రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గ్రౌండ్ పక్క నుంచే వెళ్ళేదాన్ని. తిరుపతి నైట్ షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వచ్చేవాడు. యూనిఫాం మీదే బంతి విసిరేవాడు. చైతన్య తలతో కొట్టేవాడు. మొదట్లో ముక్కుకి తగిలించుకున్నాడు. తర్వాత తర్వాత కళ్ళు తెరిచే కొట్టాడు.

నేను బడికి వెళ్ళాల్సిన ముందు రోజు పొద్దున, కంచె బయట బండి ఆపుకుని జయప్రకాశ్ అన్న కనిపించాడు. డ్యూటీకి పోతున్నవాడు. ఎంతసేపైందో తెలియదు, చూస్తూ నిలబడ్డాడు. బంతి దొర్లుకుంటూ కంచె దాకా వెళ్ళింది. తిరుపతి దాని వెనకాలే వెళ్ళి, అన్నను చూసి ఆగాడు.

"అంత మెల్లగా విసిరితే వాడికెప్పుడొస్తుంది?" అన్నాడు జయప్రకాశ్ అన్న.

"గట్లయితె నువ్వే ఇసురు."

అన్న కంచె దాటి లోపలికి వచ్చాడు. కార్నర్ దగ్గర నిలబడి గట్టిగా విసిరాడు. చైతన్య ఎగిరి కొట్టాడు. బంతి పై కడ్డీకి తగిలి, గీత దగ్గర పడి, బయటికి దొర్లింది.

"గోల్!" అన్నాడు జయప్రకాశ్ అన్న.

"ఏడికెల్లి? గీత మీదనే పడ్డది."

"నీ కళ్ళకు ఏమైందిరా? ఇంత దగ్గర నుంచి కూడా కనబడదా?"

"కనబడ్డది గాబట్టే చెప్తున్న. ఇప్పుడు దుమ్ము లేదు, వాన పడ్డది."

ఇద్దరూ గీత దగ్గర వంగి, వేళ్ళతో మట్టి చూపించుకుంటూ కేకలేసుకున్నారు. చైతన్య నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. కాసేపటికి జయప్రకాశ్ అన్నకు నేను కనబడ్డాను. ఫైనల్ తర్వాత నాతో ఆయన మాట్లాడింది అదే మొదటిసారి.

"ఉషా! నువ్వు చూశావు కదమ్మా. దాటిందా, లేదా?"

"నేను డ్యూటీల లేనన్నా," అని, పాల ప్యాకెట్ పట్టుకుని ఇంటి దారి పట్టాను.